ఒళ్ళు పట్టే చేతులు

మగవాడికి మెడ పట్టేస్తే ఇల్లంతా పట్టేస్తుంది. కిందటి నెల మా ఇంట్లో అదే జరిగింది. పొద్దున లేచేసరికి మావారి మెడ కుడివైపుకు తిరగనంది. పేపరు అందుకోవాలంటే మనిషి మొత్తం తిరగాలి, గడియారం చూడాలంటే కుర్చీతో సహా తిరగాలి, నేను పిలిస్తే మాత్రం అసలు తిరగనక్కర్లేదు. అమృతాంజనం అయింది, ఉప్పు కాపడం అయింది, దిండు మార్చడం అయింది, ఎదురింటివారి సలహా మీద దిండు తీసెయ్యడం కూడా అయింది. మూడోనాడు ఒంగోలులోనే ఒక ఫిజియోథెరపీ క్లినిక్కుకు వెళ్ళారు. గంటలో తిరిగొచ్చారు. మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది.

"తగ్గిందా?" అన్నాను.

"ఎక్కడ తగ్గింది? పది సిట్టింగులు రమ్మన్నాడు" అన్నారు, పది రోజులూ విందుకు పిలిచినంత సంబరంగా.

మెడ తగ్గలేదు, మనిషి మాత్రం తేలికపడ్డాడు. ఇదేమిటా అని ఆ రాత్రి పక్కమీద ఆలోచిస్తుంటే నాకు అద్దంకి గుర్తొచ్చింది. మా మామగారు గుర్తొచ్చారు. ఆయన వీపుమీద ఆడిన రెండు చేతులు గుర్తొచ్చాయి. ఆ చేతుల విషయంలో నేను చేసిన పని ఒకటుంది. పదిహేనేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మా అత్తగారి ఊరు అద్దంకి. గుండ్లకమ్మ ఒడ్డున ఉంటుంది. 848 నాటి పాండురంగని శాసనం ఆ ఊరిదేననీ, అందులో తరువోజ పద్యం ఉందనీ, ప్రోలయ వేమారెడ్డి మొదటి రాజధాని అదేననీ, ఎర్రన అక్కడి ఆస్థానంలో ఉండేవాడనీ బి.ఏ.లో చదువుకుని, పెట్టెలో నోట్సు పెట్టుకుని మరీ కాపురానికి వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, ఆ ఊళ్ళో నలుగురు కూర్చుంటే వచ్చే మాట ఎర్రన గురించి కాదు, నడుంనొప్పి గురించి.

రాకేం చేస్తుంది? మిరప, పొగాకు, పత్తి. మూడూ మనిషి ఒళ్ళు అడిగే పంటలే. మిరప టిక్కీ ఒకటి నలభై, నలభై అయిదు కిలోలుంటుంది. కల్లంలో దాన్ని తొక్కి కుట్టి, భుజాన వేసుకుని లారీకెక్కించి, గుంటూరు యార్డులో దించి, అక్కడ హమాలీ మళ్ళీ భుజానికెత్తుకుని... మన కూరలో పడే చిటికెడు కారం వెనక ఎన్ని భుజాలున్నాయో లెక్కేస్తే ముద్ద దిగదు. మా మామగారు వయసులో ఉన్నప్పుడు తన పంటకు తనే హమాలీ. డెబ్బై ఏళ్ళకు ఆ కుడిభుజం మీద కండ రాయిలా గడ్డకట్టి ఉండేది. ఎండాకాలం చొక్కా విప్పి అరుగుమీద కూర్చుంటే వెనకనించి చూసినవాళ్ళకు రెండు భుజాలూ ఒకే మనిషివేనా అనిపించేది.

పని చేసిన మర్నాడు ఒళ్ళు నొప్పులు రావడానికి కండల్లో ల్యాక్టిక్ ఆమ్లం పేరుకోవడమే కారణమని మాకు సైన్సు మేష్టారు చెప్పేవారు. అది కాదని తర్వాత తేలింది. ఆ ఆమ్లం పని ఆపిన గంటా గంటన్నరలోనే సర్దుకుపోతుందట. నొప్పి పెట్టేది అలవాటు లేని బరువుకు కండపోగుల్లో పడే సన్నని చీలికలు, వాటి చుట్టూ వచ్చే వాపు. మన ఊళ్ళల్లో మాత్రం కండ అనే మాటే లేదు, ఏది పట్టినా 'నరం పట్టింది' అంటారు. ఏ పేరు పెడితేనేం, మర్దన చేస్తే కాసేపు హాయిగా ఉంటుంది, పట్టు సడలుతుంది, నిద్ర పడుతుంది. దాంతో రోగమే కుదిరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నొప్పి రెండో రోజుకో మూడో రోజుకో మళ్ళీ వస్తుంది, మర్దన చేసే మనిషీ మళ్ళీ వస్తాడు.

మా ఇంటికి వచ్చే మనిషి శనివారం శనివారం వచ్చేవాడు. నాయీబ్రాహ్మణుల వీధి నించి వచ్చే పెద్దమనిషి. అప్పటికే మా మామగారికంటే నాలుగేళ్ళు పెద్ద. క్షవరం షాపు కొడుకులకు అప్పగించి, తను మాత్రం నూనె సీసా చంకన పెట్టుకుని నాలుగైదు పాత ఇళ్ళకు తిరుగుతుండేవాడు. నువ్వుల నూనెలో వామూ, వెల్లుల్లీ వేసి కాచి, దించాక కర్పూరం కలిపేవాడు. ఆ వాసనకు మా వంటిల్లు ఆదివారం మధ్యాహ్నం దాకా వేరే ఇల్లులా ఉండేది.

మామగారు బావి పక్కన బల్లమీద బోర్లా పడుకునేవారు. ఆయన ముందు నూనె రాయడు. అరచేయి ఒకటి వీపుమీద ఆనించి కాసేపు ఊరికే ఉంచేవాడు. వైద్యుడు నాడి చూసినట్టు. ఆ తర్వాత మెడ దిగువనించి మొదలుపెట్టి, వెన్నుపూసకు అటూ ఇటూ రెండు బొటనవేళ్ళతో నొక్కుకుంటూ నడుందాకా దిగి, అక్కడ అరచేతులు పరచి పైకి తోసేవాడు. రాయిలాంటి ఆ భుజం దగ్గరికొచ్చేసరికి బొటనవేలు చాలదు, మోచెయ్యి వాడేవాడు. అప్పుడు మా మామగారి నోట్లోంచి ఒక మూలుగు వచ్చేది. జిల్లా పరిషత్తు మీటింగులో కూడా గొంతు తగ్గించని మనిషి, ఆ మూలుగు మాత్రం చంటిపిల్లాడిలా మూలిగేవారు.

"ఏరా, చంపుతావా?" 

"కాసేపు ఓర్చుకోండి పెదబాబుగారూ. ఎన్ని బస్తాలు మోసిందో చెప్తావుంది ఇది."

ఇక్కడ మీరొక సంగతి గమనించే ఉంటారు. నాలుగేళ్ళు చిన్నవాడు 'ఏరా' అంటున్నాడు, పెద్దవాడు 'పెదబాబుగారూ' అంటున్నాడు. నేను చదువుకున్నదాన్ని గనక 'తాతా' అని పిలిచేదాన్ని. పిలవడం తేలికండీ. చూరు కింద గూట్లో ఆయన కోసం విడిగా పెట్టిన స్టీలు గ్లాసు ఉండేది, దాన్ని వంటింట్లోకి తేవడం కష్టం. మా అత్తగారు పెట్టిన గ్లాసు అది. ఆవిడ పోయాక కూడా అది అక్కడే ఉంది. ఇల్లు నా చేతికొచ్చిన తర్వాత కూడా ఉందన్నమాట. గంటసేపు ఇంటి యజమాని ఒంటిమీద ప్రతి అంగుళమూ తిరిగిన చెయ్యి, ఆ ఇంటి గ్లాసు మాత్రం ముట్టుకోకూడదు! రాసే వృత్తిలో ఉన్నదాన్ని, అది రోజూ చూస్తూనే ఉన్నాను, చూడలేదన్నట్టే ఉన్నాను.

మన భాష మాత్రం చూసింది. 'అంటు' అనే మాట తీసుకోండి. ముట్టుకోవడం అనే దాని అర్థం. దాన్ని తలకు చేర్చి 'తలంటు' అంటే పండగ. దీపావళి పొద్దున నూనె పెట్టి, కుంకుడుకాయ రసం కళ్ళల్లో పడి కేకలు పెట్టిన జ్ఞాపకం లేని తెలుగువాడు ఉండడు. అదే మాటను విడిగా 'అంటు' అంటే మైల. ముట్టుకోవడం ఎంత తీపో ఎంత భయమో రెండూ ఒకే మాటలో పెట్టుకుని, రెంటినీ పక్కపక్కనే వాడుకుంటూ వచ్చాం.

ఇంకో మాట. 'కాళ్ళు పట్టడం' అంటే సేవ. దానికి 'కో' చేర్చి 'కాళ్ళు పట్టుకోవడం' అంటే ప్రాధేయపడడం. పట్టేవాడూ పట్టుకునేవాడూ ఇద్దరూ కిందే కూర్చుని ఉంటారు. కాళ్ళున్న మనిషి మాత్రం రెంటిలోనూ పైనే. పాలసముద్రం మీద పడుకున్న విష్ణుమూర్తి కాళ్ళు లక్ష్మీదేవి ఒత్తుతున్న క్యాలెండరు లేని ఇల్లు మన వైపు ఉండదు. చిన్నప్పుడు దాన్ని చూసి మా అమ్మమ్మను అడిగాను, ఆవిడ కాళ్ళు ఎవరు పడతారని. "దేవుళ్ళకు నొప్పులుండవే" అంది. మరి ఆయనకెందుకు పడుతోంది అన్నాను. అన్నం తినమంది.

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో ఒక సంవాహకుడున్నాడు. ఒళ్ళు పట్టేవాడని అర్థం. వసంతసేననూ చారుదత్తుణ్ణీ గుర్తుపెట్టుకున్నంతగా అతన్ని ఎవరూ పెట్టుకోరు గాని, నాకు ఆ నాటకంలో అందరికంటే అతనే ఇష్టం. పాటలీపుత్రంలో మంచి ఇంట పుట్టి, లోకం చూద్దామని ఉజ్జయినికి వచ్చినవాడు. సరదాకి కళగా నేర్చుకున్న విద్య చివరికి బతుకుతెరువయిందని వసంతసేనతో చెప్పుకుంటాడు. చారుదత్తుడి దగ్గర పనిచేశాడు. చారుదత్తుడి డబ్బయిపోయింది, ఇతని కొలువూ పోయింది. జూదంలో దిగాడు. పది బంగారు నాణేలు ఓడిపోయి, అప్పు ఇచ్చినవాడు తరుముకొస్తే వసంతసేన ఇంట్లో దూరాడు. చారుదత్తుడికి ఒళ్ళు పట్టిన చేతులని తెలిసి ఆమె తన నగ ఇచ్చి విడిపించింది. ఆ సిగ్గుతో బౌద్ధభిక్షువయ్యాడు.

ఎనిమిదో అంకంలో శకారుడు ఆమె గొంతు నులిమి చచ్చిందనుకుని ఆకుల్లో కప్పిపెట్టి పోతే, ఆమెను చూసి బతికించేవాడు ఈ భిక్షువే. లేవడానికి ఆమెకు ఆసరా కావాలి. జీవితమంతా మనుషుల ఒంటిమీదే చేతులు తిప్పి బతికిన మనిషి, ఇప్పుడు ఆడమనిషిని తాకకూడని వ్రతంలో ఉన్నాడు. పక్కన ఉన్న తీగను వంచి, దాన్ని పట్టుకుని లెమ్మంటాడు. కాలేజీలో చదివినప్పుడు ఇది నాకు వేళాకోళంగా అనిపించింది. ప్రాణం పోతుంటే వ్రతమేమిటి! ఇప్పుడు అలా అనిపించదు. ముట్టుకోవడానికి డబ్బు తీసుకున్నవాడికే ముట్టుకోవడం అంటే ఏమిటో తెలుస్తుందేమో. అందుకే ముట్టుకోకుండా ఉండడం కూడా అతనికి చేతనైంది.

సరే, మళ్ళీ అద్దంకి వద్దాం.

మా అత్తగారు పోయిన ఏడాది జరిగింది ఇది. మామగారి ఎడమకాలి పిక్క వాచింది. తోటపని ఎక్కువైందనుకున్నాం. శనివారం కాకపోయినా కబురుపెడితే వచ్చాడు మనిషి. బల్లమీద పడుకోబెట్టి, పిక్కమీద చెయ్యి ఆనించి, ఎప్పటికంటే ఎక్కువసేపు ఉంచాడు. రెండో పిక్కమీద ఆనించి చూశాడు. నూనె సీసాకు మూత పెట్టేశాడు.

"ఇది నా చేతికొచ్చే కాలు కాదు పెదబాబుగారూ. ఒకటే వాచింది, కాగుతావుంది. దీన్ని రుద్దగూడదు. డాక్టరు కాడికి పోండి, ఇయాళే పోండి."

"నీ మొహం, కాస్త పట్టరా, పోతది."

"పట్టనంటే పట్టను."

ఆయన మామగారి మాటకు ఎదురుచెప్పడం నేను చూసింది అదొక్కసారే. వెళ్ళాం. లోపల రక్తం గడ్డకట్టిందని తేలింది. మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వచ్చేదన్నారు. ఎవరైనా మర్దన చేశారా అని డాక్టరుగారు రెండుసార్లు అడిగారు, లేదంటే అదృష్టవంతులు అన్నారు. ఆ మాటకు మూడువందల ఫీజు ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చాం. అదే మాట ముందు చెప్పిన మనిషి ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోయాడు. యాభై రూపాయలు ఇవ్వబోతే, "పట్టందానికి డబ్బులెందుకమ్మా" అన్నాడు. నేను నోటు మళ్ళీ కొంగున ముడేసుకున్నాను. ఆ నోటు ఇప్పటికీ నాకు గుర్తే. దేనికి డబ్బివ్వాలో, దేనికి ఇవ్వక్కర్లేదో అప్పుడు నాకేం తెలుసు? పడితే కూలి, పట్టకపోతే లేదు, అంతే అనుకున్నాను. మర్దనలో అసలు విద్య ఎక్కడ పట్టాలో కాదు, ఎక్కడ పట్టకూడదో తెలియడమని, ఆ విద్యకే ప్రాణం నిలిచిందని నాకు తోచలేదు.

తోచి ఉంటే తర్వాత చేసిన పని చేసేదాన్ని కాదు.

కాలు నయమయ్యాక మామగారు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు కబురు పంపడం మొదలుపెట్టారు. భుజమన్నారు, నడుమన్నారు, ఓ రోజు చేతివేళ్ళన్నారు. నేను లెక్కలు చూసే మనిషిని. వచ్చినప్పుడల్లా యాభై. దుప్పట్లన్నీ నూనె మరకలు. పైగా, నిజం చెప్పొద్దూ, ఇంట్లో ఏ నొప్పీ లేని మనిషి నొప్పుల పేరు చెప్పి అలా పడుకుంటే నాకు విసుగనిపించేది. మిరప కోతలకు వచ్చే ఆడవాళ్ళను చూసేదాన్ని. రోజంతా వంగి కోసి, సాయంత్రానికి వేళ్ళు కారం మంటతో భగ్గుమంటే కొబ్బరినూనె పూసుకుని ఊదుకుంటూ, నడుంమీద చెయ్యేసుకుని నిలబడేవాళ్ళు. ఎవరు పడతారు వాళ్ళకు? ఊళ్ళో మగవాళ్ళకు మర్దన చేసే మనిషి తరతరాలుగా ఉన్నాడు. ఆడదానికి మాత్రం బాలింతగా ఉన్న ఆ కొద్దిరోజులే ఒంటికి నూనె, అదీ బిడ్డకు పాలు రావాలని. ఈ కోపంలో న్యాయం ఉంది, ఇప్పటికీ ఉందనే అంటాను. కాని కోపం న్యాయమైనదైనంత మాత్రాన అది తీర్చుకున్న చోటు న్యాయమైనది కానక్కర్లేదు.

మావారు హైదరాబాదు ఎగ్జిబిషనులో ఒక మర్దన యంత్రం కొనుక్కొచ్చారు. ప్లగ్గు పెడితే గొంగళిపురుగులా వణుకుతుంది. ఆ శనివారం పెద్దాయన గుమ్మంలోకి రాగానే నేనే ఎదురెళ్ళి, "ఇంక రానక్కర్లేదులే తాతా, మిషను తెచ్చారు" అన్నాను. తాతా అనే అన్నాను. ఆయన మిషను చూపించమన్నాడు. చేతిలోకి తీసుకుని, ఆన్ చేసి, తన మోకాలి మీద పెట్టుకుని చూసి, "బాగుందమ్మా, మంచిది" అని ఇచ్చేశాడు. పోతూ పోతూ, "ఆ పిక్కమీద మాత్రం పెట్టనీయమాకండి" అన్నాడు.

మామగారు నన్ను ఏమీ అనలేదు. అడిగినవాళ్ళందరికీ, "అమ్మాయి తెప్పించింది, బ్రమ్మాండంగా ఉంది" అని చెప్పేవారు. నాలుగు రోజులు వాడారు. తర్వాత దాన్ని బీరువా మీద పెట్టారు. విచిత్రమేమిటంటే నొప్పులని కూడా అనడం మానేశారు. నేను మిషను మహిమనుకున్నాను. మనిషి మాటలే తగ్గిపోయాయని గమనించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. మన పద్ధతిలో మగవాడి ఒంటిని నలుగురూ తాకేది ఎప్పుడెప్పుడు? పుట్టినప్పుడు కాళ్ళమీద బోర్లా వేసుకుని ఒళ్ళంతా నూనె రాస్తారు. పెళ్ళికొడుకును చేసేటప్పుడు నలుగు పెడతారు. ఇంక మూడోది ఆఖరి స్నానం. నడుమ ఉన్న డెబ్బై ఏళ్ళూ భార్య ఒకతి. ఆవిడ కూడా పోయాక? కొడుకు తండ్రి భుజంమీద చెయ్యెయ్యడు, కోడలు కాళ్ళకు దండం పెట్టినా తాకీ తాకకుండా పెడుతుంది, మనవలు మీసాలు రాగానే దూరం జరుగుతారు. పలకరింపులో కూడా మనం రెండు చేతులూ మనకు మనమే కలుపుకుంటాం. అలాంటి మనిషి 'నన్ను కాసేపు ఎవరైనా ముట్టుకోండి' అని అడగలేడు. 'భుజం పట్టేసింది' అనగలడు. నొప్పి అనేది అతనికి అర్జీ రాసుకునే కాగితం లాంటిది. దాన్ని నేను దొంగనొప్పి అనుకున్నాను. మా మామగారు అబద్ధమాడలేదు, నొప్పి ఉన్న చోటు పేరు మార్చి చెప్పారంతే.

అయితే దీనికి డబ్బిచ్చి చేయించుకోవచ్చా అనేది ఉంది. మావారు లౌకికంగా చెబుతారు, "పని చేశాడు, కూలి ఇచ్చాం, ఇందులో ధర్మసందేహమేముంది?" అని. ఆ మాట కొంతవరకే నిజం. యాభై రూపాయలకు ఆయన అమ్మింది గంటసేపు కండబలం. వీపుమీద నూనె రాయకముందు ఊరికే ఆనించి ఉంచే ఆ అరచేయి ఉందే, అది బేరంలో లేదు. దానికి ధర కట్టలేం గదా అని ఊరుకుంటే, ధర కట్టగలిగినదానికీ తక్కువే ఇస్తాం. అనుభవంతో చెబుతున్నాను. 'సేవ' అని గొప్ప పేరు పెట్టిన ప్రతి పనికీ మన దేశంలో కూలి తక్కువే. ఇంట్లో ఆడవాళ్ళు చేసేదానికైతే సున్న.

గాంధీగారు రోజూ మర్దన చేయించుకునేవారు, అది అందరికీ తెలిసిందే. కాని సేవాగ్రాంలో కుష్టువ్యాధితో వచ్చిన సంస్కృత పండితుడు పర్చూరే శాస్త్రిగారికి ఆయన స్వయంగా పుళ్ళు కడిగి ఒళ్ళు పట్టేవారు. ఆ ఫొటో చూసినప్పుడు నాకు ముందు కనిపించేది ఆయన కూర్చున్న తీరు. పట్టించుకునే మనిషి తనే కిందికి దిగి పట్టే మనిషయ్యాడు. మహాత్ములు గనక చేశారని తప్పించుకుంటాం. మామూలు మనుషులు చేయగా నేను చూసింది ఒక్కసారే, అదీ మా పెరట్లో.

మిషను వచ్చిన మూడో నెల అనుకుంటాను. ఒక శనివారం సింగరకొండ వెళ్ళాం, ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుంటే. మామగారు రానన్నారు. జనం తక్కువగా ఉండి తొందరగా తిరిగొచ్చాం. వీధి తలుపు తీసే ఉంది. పెరట్లో మాటలు వినిపిస్తే వెళ్ళాను.

బల్లమీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పెద్దాయన కుడిచెయ్యి మా మామగారి ఒళ్ళో ఉంది. అప్పుడు చూశాను ఆ చెయ్యిని సరిగ్గా. బొటనవేలు కింద కణుపు నిమ్మకాయంత ఉబ్బి, వేలు పక్కకు ఒరిగిపోయి ఉంది. అరవై ఏళ్ళు ఊరివాళ్ళ వీపులన్నీ నొక్కిన వేలు. మామగారు అమృతాంజనం సీసా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఆ కణుపు మీద రుద్దుతున్నారు. చేతగాని రుద్దుడు. బస్తాలు మోసిన చేతులాయె.

"అట్టా గాదు పెదబాబుగారూ, తోలు రుద్దితే ఏం లాభం? లోపలికి... ఆఁ, అట్టా. మెల్లిగా. అబ్బా!"

"ఓర్చుకోరా కాసేపు" అన్నారు మా మామగారు.

నన్ను చూడగానే చెయ్యి వదిలేశారు. సీసా పంచె మాటున దాచారు, బీడీ తాగుతూ పట్టుబడ్డ కుర్రాడిలా. పెద్దాయన గబుక్కున బల్లమీంచి లేచి నిలబడ్డాడు. ముగ్గురం కాసేపు బావివైపు చూశాం.

"ఊరికే ఇటేపు వచ్చాడమ్మాయ్" అన్నారు మామగారు. "మంచినీళ్ళియ్యి."

నేను లోపలికి వెళ్ళాను. ఇక్కడ నేను వంటింట్లోని మంచి గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చానని రాస్తే కథ బాగుంటుంది. నవల అయితే అలాగే రాసేదాన్ని. అలా జరగలేదు. చెయ్యి అలవాటుగా చూరు కింద గూట్లోకే వెళ్ళింది. ఆ స్టీలు గ్లాసు తీసి, కడిగి, నీళ్ళు పోసి ఇచ్చాను. ఆయన ఎత్తిపోసుకుని తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించాడు. నా చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలిసింది ఆయన వెళ్ళిపోయాక.

"వచ్చే శనివారం నించి రమ్మనండి" అని మామగారితో అన్నాను.

"వాడి వేళ్ళు ఇంక పనికిరావమ్మాయ్" అన్నారాయన. "ఊరికే వస్తాడులే."

ఊరికే వచ్చేవాడు. నూనె సీసా తెచ్చేవాడు కాదు. ఇద్దరూ బల్లమీద కూర్చునేవారు, ఒకరు భుజమన్నా ఒకరు వేలన్నా కాసేపు చేతులు మారేవి. నేను పెరటి తలుపు దగ్గరికి వెళ్ళేముందు దగ్గేదాన్ని. గూట్లో గ్లాసు ఓ రోజు తీసేశాను, అంతకంటే ఏమీ చెయ్యలేదు. తీశాక ఏ గ్లాసు ఇచ్చానో ఆయన గమనించాడో లేదో నాకు తెలియదు. ఎత్తిపోసుకునే తాగేవాడు. 'ఏరా' మాత్రం పోలేదు. మా మామగారి ఆఖరి స్నానానికి నూనె రాసింది ఆయనే, ఎడమచేత్తో.

మొన్న తొమ్మిదో సిట్టింగుకు మావారితో నేనూ వెళ్ళాను. పాతికేళ్ళ కుర్రాడు. నాలుగేళ్ళ పైచిలుకు చదివి, గోడకు పట్టా తగిలించుకుని, ఫీజు బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు. మావారిని 'సార్' అంటున్నాడు, మావారు అతన్ని 'డాక్టరుగారూ' అంటున్నారు. బయట మంచినీళ్ళ సీసా ఒక్కటే, అందరికీ అదే. నాకు చాలా సంతోషమనిపించింది. మెడ నొక్కబోయేముందు అతను కూడా అరచేయి ఒకసారి ఆనించి ఉంచాడు. ఎవరు నేర్పారో!

"బాబూ, మీ బొటనవేళ్ళు నొప్పి పుట్టవూ?" అని అడిగాను.

అతను పని ఆపి నావైపు చూశాడు. "పుడతాయండీ. మా వాళ్ళందరికీ అదే జబ్బు. పేషెంట్లెవరూ అడగరు" అని నవ్వాడు. మావారు తలగడలో మొహం పెట్టుకునే, "ఏమిటి, ఏమిటంటోంది?" అన్నారు.

పదో సిట్టింగు నిన్నటితో అయిపోయింది. మెడ ఇప్పుడు రెండువైపులా తిరుగుతోంది. పదకొండోదానికి ఎప్పుడు రమ్మంటారని అడిగారట మావారు. నొప్పి లేనప్పుడు ఎందుకండీ అన్నాడట ఆ కుర్రాడు. ఆ మాటే ఇంటికొచ్చి నాకు చెప్పి, కుర్చీలో కూర్చుని, ఎడమ భుజం కాస్త బిగుసుకున్నట్టుందని నావైపు చూశారు.